పరీక్ష లేని వ్యాధికి నింద మాత్రం ఆమెకా?

గర్భిణి ప్రభుత్వ ఆసుపత్రికి వెళితే రక్తహీనత చూస్తారు, రక్తపోటు చూస్తారు, హెచ్.ఐ.వి., సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. తల్లీబిడ్డల రక్షణ కార్డులో వీటికి గడులున్నాయి. క్లమీడియాకు గడి లేదు. ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కాగితాల మధ్య గడిపిన అనుభవంతో ఒక్క మాట చెప్పగలను: కాగితంలో గడి లేని బాధ లెక్కలోకి రాదు, లెక్కకు రాని బాధకు నిధులూ రావు.

క్లమీడియా అరుదైన వ్యాధి కాదు. 2020లో ప్రపంచవ్యాప్తంగా 15 నుండి 49 ఏళ్ల వయస్కులలో దాదాపు 12 కోట్ల 90 లక్షల మందికి ఇది కొత్తగా సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లైంగిక సంపర్కం వల్ల వ్యాపించే ఈ బ్యాక్టీరియా సోకిన స్త్రీలలో అత్యధికులకు ఏ లక్షణమూ కనిపించదు. కొందరికి తెల్లబట్ట, మూత్రంలో మంట, పొత్తికడుపులో నొప్పి కలుగుతాయి. కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలేనని ఇంట్లో సరిపెడతారు.

కాని ఫలితం మామూలుగా ఉండదు. ఉమ్మనీటి సంచి ముందే పగలడం, నెలలు నిండక ముందే కాన్పు, తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం వంటి ప్రమాదాలకు ఈ వ్యాధితో సంబంధం ఉంది. కాన్పు సమయంలో తల్లి నుండి బిడ్డకు సోకితే, సాధారణంగా 5 నుండి 12 రోజులలో కళ్లు వాచి పుసులు కడతాయి. 1 నుండి 3 నెలల వయసులో న్యుమోనియా రావచ్చు.

ఇంతటి ముప్పుకు చికిత్స మాత్రం సులభం. గర్భిణికి వైద్యులు సాధారణంగా ఒకే మోతాదుగా 1 గ్రాము అజిత్రోమైసిన్ ఇస్తారు. ఇతరులకు వాడే డాక్సీసైక్లిన్ గర్భిణులకు తగదు గనుక సొంత వైద్యం కూడదు. భర్తకూ చికిత్స జరగాలి. ఆ తరువాత 7 రోజులు దంపతులు దూరంగా ఉండాలి. సుమారు నెల తరువాత గర్భిణికి మళ్లీ పరీక్ష చేయాలి. భర్త మందు తీసుకోకపోతే వ్యాధి తిరిగి ఆమెకే చేరుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. భర్తకు కూడా మందు రాశారని ఇంట్లో చెప్పలేక ఆ చీటీని దాచుకున్న కోడళ్లను బస్తీలలో చూశాను. ఈ వ్యాధి నెలల తరబడి, ఒక్కోసారి అంతకు మించి, శరీరంలో నిశ్శబ్దంగా ఉండగలదు. ఎప్పుడు సోకిందో, ఎవరి నుండి ఎవరికి వచ్చిందో పరీక్ష ఫలితం చెప్పదు. కాన్పు కోసం ఆసుపత్రికి వెళ్లేది స్త్రీ గనుక వ్యాధి ముందుగా ఆమెలో బయటపడుతుంది. అంతమాత్రాన ఆమెను దోషిగా నిలబెట్టడం అన్యాయం.

ప్రభుత్వ సురక్షా క్లినిక్‌లలో సుఖవ్యాధులకు ఉచిత చికిత్స ఉంది. అయితే అక్కడి విధానం ప్రధానంగా లక్షణాలను చూసి మందు ఇచ్చేది. లక్షణమే లేని గర్భిణి ఆ గుమ్మం ఎందుకు ఎక్కుతుంది? అందుచేత ప్రభుత్వాన్ని మూడు కోరుతున్నాము. ఒకటి, గర్భిణుల పరీక్షలలో క్లమీడియా పరీక్షను చేర్చాలి. ప్రతి నెలా 9వ తేదీన జరిగే మాతృత్వ అభియాన్ శిబిరాల నుండే అది మొదలు కావచ్చు. రెండు, భర్తకూ అక్కడే చికిత్స అందాలి. మూడు, ఫలితాన్ని వరుసలో నిలబడ్డవారు వినేలా చెప్పకుండా గోప్యంగా తెలపాలి.

ఇంటి పెద్దలను కోరేది ఒక్కటే: కోడలు తెల్లబట్ట అవుతోందని చెబితే కసురుకోకండి, వైద్యురాలి వద్దకు తీసుకువెళ్లండి. భర్తలారా, చీటీలో మీ పేరు కూడా ఉంటే మారు మాట్లాడక మందు వేసుకోండి. పుట్టబోయే బిడ్డ కంటిచూపు మీ పరువు కంటే విలువైనది.