పాత చిత్రమునకు మంచి ప్రతి

ఒక కావ్యము మనకు చేరవలెనన్న కవి వ్రాసినంత మాత్రమున చాలదు. తాటాకులను చెదలు తినును. వ్రాయసకాండ్రు తప్పులు దొరలింతురు. పలు ప్రతులు సేకరించి, పాఠభేదములు పరిశీలించి, శుద్ధప్రతిని సిద్ధపరచువారు ఉండవలెను. పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌన్ పండితులచేత అట్టి కృషి చేయించినందుననే పెక్కు తెలుగు కావ్యములు నేడు మన చేతికి వచ్చినవి. చలనచిత్రమునకును ఇదే న్యాయము వర్తించునని నా అభిప్రాయము.

ఫిల్మునకు ఆయువు అల్పము. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932), తొలి కన్నడ టాకీ ‘సతీ సులోచన’ (1934) – ఈ రెండింటికిని నేడు ఒక్క ప్రతియైన లేదు. మిగిలిన పాత చిత్రములలోను పెక్కింటిని మనము గీతలు పడిన, మసకబారిన నకళ్లలోనే చూచుచున్నాము.

“ఫోనులో ఉచితముగా కనబడుచుండగా డబ్బిచ్చి మంచి ప్రతిని కొననేల?” అని కొందరందురు. సమాధానము తెరమీదనే యున్నది. పాత వీసీడీలో బొమ్మ అడ్డముగా 352, నిలువుగా 288 చుక్కలతో ఏర్పడును. బ్లూరే డిస్కులో పాత చిత్రపు బొమ్మకు సుమారు 1440, 1080 చుక్కలు లభించును. అనగా పదునైదు రెట్లు. ‘మాయాబజార్’ (1957)లో మార్కస్ బార్‌ట్లే కెమెరాతో సృష్టించిన వెన్నెల, నలుపు తెలుపుల నడుమనుండు పెక్కు ఛాయల వలన కలిగినది. చెడిన ప్రతిలో ఆ ఛాయలన్నియు కలిసి బూడిదరంగు మాత్రమే మిగులును. వెడల్పు తెర నింపుటకై బొమ్మను సాగదీసినచో సావిత్రి ముఖమే మారిపోవును. పైనను క్రిందను కోసినచో ఘటోత్కచుని కిరీటము ఎగిరిపోవును!

బెంగళూరు పిల్లలమైన మనకు ఇందు మరొక లాభము కలదు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, కళాశాలలో ఆంగ్లము. మన తెలుగు గడప దాటుటయే అరుదు. మెజెస్టిక్ ప్రాంతమున కపాలి వంటి పెద్ద థియేటర్లు పడగొట్టబడినవి. ఇక పాత చిత్రమునకు ఇంటి తెరయే దిక్కు. ‘అస్మదీయులు’ అను మాటకు జోడుగా పింగళి నాగేంద్రరావు ‘తసమదీయులు’ అను మాటను పుట్టించిన చమత్కారము, ఎస్. వి. రంగారావు పలుకులోని గాంభీర్యము చెవికి స్పష్టముగా సోకినప్పుడే భాష నేర్పును. బుసకొట్టు ధ్వనిలో ఒత్తక్షరములు మ్రింగబడును. బి. ఎన్. రెడ్డి ‘మల్లీశ్వరి’ (1951) శ్రీకృష్ణదేవరాయల కాలపు కథ; ఆ రాయలు ఏలిన హంపి మనమున్న ఈ కర్ణాటకముననే యున్నది. కన్నడ మిత్రులను ఇంటికి పిలిచి కలిసి చూడదగిన చిత్రమది.

మంచి ప్రతి యనగా రంగులు పూసిన ప్రతి యని అర్థము కాదు. రాజ్‌కుమార్ నటించిన కన్నడ ‘సత్య హరిశ్చంద్ర’ (1965) 2008లోను, ‘మాయాబజార్’ 2010లోను రంగులతో మరల విడుదలయ్యెను. అందువలన క్రొత్త ప్రేక్షకులు వచ్చిన మాట సత్యమే. కాని రంగు వ్యాఖ్యానము వంటిది. వ్యాఖ్యానముండవచ్చును, మూలము మరుగునపడరాదు.

సత్యజిత్ రాయ్ అపు చిత్రత్రయపు నెగటివులు 1993లో లండను అగ్నిప్రమాదమున చిక్కి పాడైనవి. అయినను మిగిలినవానిని ఇటలీలోని బొలోన్యా నగరమున ఓర్పుతో బాగుచేసి, 2015లో డిస్కులుగా ఇండ్లకు అందించిరి. మన ‘దేవదాసు’ (1953) కూడ బాగుచేయబడి 2024లో గోవా చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడినది. ఇట్టి ప్రతులు ఉత్సవములతో ఆగిపోక, ఉత్సవమునకు పోలేని ఇండ్లకును పాఠశాలలకును చేరవలెను. కొనువారున్నప్పుడే బాగుచేయువారికి ఉత్సాహము కలుగును. కావున తల్లిదండ్రులు ఏటికొక్క మంచి ప్రతినైన కొనవలెను. పాఠశాల గ్రంథాలయమును నిఘంటువు ప్రక్కన దానికి చోటీయవలెను. అదియు మన భాషాగ్రంథమే.