గడ్డిచామంతి ఏ గ్రంథంలో ఉంది?



కొడవలి తగిలి వేలు తెగితే మీ ఇంట్లో ఏం చేసేవాళ్లో ఒక్కసారి గుర్తు చేసుకోండి. మా అవ్వ గట్టు మీద గుప్పెడు గడ్డిచామంతి ఆకు తెంపేది. అరచేతిలో నలిపి, పసరు గాయం మీద పిండి, ఆ పిప్పినే అద్ది పాత గుడ్డపీలిక చుట్టేది. చుర్రున మండేది. కాసేపటికి నెత్తురు ఆగేది. మళ్లీ కోతకు వంగేది.

హాస్టల్లో ఉన్నప్పుడు మోకాలికి ఇదే పసరు రాసుకున్నా. ఒక సారు క్లాసు ముందు నిలబెట్టి "అడవి బుద్ధులు ఎక్కడికి పోతాయిరా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సిగ్గుతో నవ్విన ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుతుంది. ఆరోజు నవ్వినోళ్లే ఇప్పుడు 'హెర్బల్' అని రాసి ఉన్న ట్యూబు వెతికి కొనుక్కుంటున్నారు.

ఒక సంగతి గమనించండి. గడ్డిచామంతి మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండపు వేడి ప్రాంతాలది. కొలంబస్ తర్వాతే ఇటు వచ్చి మన గట్ల మీద, బీళ్లలో పాకింది. అంటే చరకుడు, సుశ్రుతుడు దాన్ని కంటితో చూసే వీలే లేదు. మరి ఇక్కడ దాని గుణం పట్టుకున్నదెవరు? పశువులు కాసేటోళ్లు, కలుపు తీసే ఆడోళ్లు. మన ఒక్కళ్లమే అనను, మైదానంలో రైతులకూ తెలుసు. కొత్త మొక్క కనపడింది, నలిపారు, పెట్టి చూశారు, పనిచేస్తే పక్కోళ్లకు చెప్పారు. దీన్ని మూఢనమ్మకం అంటారా?

చరక సంహితే ఒప్పుకుంటుంది: మొక్కల పేర్లు, రూపాలు తెలిసినోళ్లు మేకల కాపరులు, గోవుల కాపరులు, అడవిలో ఉండేటోళ్లు అని. ఆ వెంటనే, పేరూ రూపం తెలిసినంత మాత్రాన వైద్యం తెలిసినట్టు కాదు అంటుంది. చూపించేది మనం, తెలిసినోడు ఇంకొకడు. ఆ మెలిక అప్పటినుంచీ ఉంది.

ఇప్పుడదే చట్టమైంది. 2002 జీవవైవిధ్య చట్టాన్ని 2023లో సవరించారు. గ్రంథాల్లోకి ఎక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేటోళ్లకు లాభం పంచే బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. ఉల్లంఘనకు జైలు తీసేసి జరిమానాతో సరిపెట్టారు. గ్రంథంలోకి ఎక్కకముందు ఆ జ్ఞానం ఎవరి నోట్లో ఉండిందో ఎవడూ అడగడు.

కేరళ కాణి ఆదివాసుల కథ వినే ఉంటారు. 1987లో అగస్త్య కొండల్లో శాస్త్రవేత్తలు అలసిపోతే, దారి చూపే కాణివాళ్లు తాము తినే ఆరోగ్యపచ్చ కాయలు ఇచ్చారు. దాంతో 'జీవని' మందు తయారైంది. 1995లో ఒక కంపెనీకి 10 లక్షల రూపాయలకు, 2 శాతం రాయల్టీకి లైసెన్సు ఇచ్చారు. అందులో సగం కాణివాళ్లకు అన్నారు. 1997లో ట్రస్టు పెట్టారు. దేశమంతా మెచ్చుకుంది. కానీ ఆకు కోయబోతే అటవీశాఖ అడ్డం నిలబడింది! జ్ఞానం మనదట, ఆకు మాత్రం సర్కారుదట.

అలాగని ప్రతి ఆకూ సంజీవని అని నేను చెప్పను. పాము కరిస్తే, మలేరియా జ్వరం వస్తే పసరు పేరుతో గంట కూడా పోగొట్టొద్దు, ఆసుపత్రికి పరుగెత్తండి. అంబులెన్సు రాని ఊళ్లలో అది రావాలని కొట్లాడటం కూడా మన పనే. ఆకు మనకున్న హక్కు. దాన్ని చూపించి "మీకు డాక్టరెందుకు, మీ వైద్యం మీకుందిగా" అనేటోడిని నమ్మకండి.

అటవీ హక్కుల చట్టం 2006లో సెక్షన్ 3(1)(కె) చదవండి. జీవవైవిధ్యం మీదా, సంప్రదాయ జ్ఞానం మీదా సమాజానికి హక్కుందని అందులో రాసి ఉంది. పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, దాని దగ్గర రిజిస్టరూ ఉండాలి. మీ ఊరి రిజిస్టర్ మీరెప్పుడైనా చూశారా? చాలాచోట్ల బయటినుంచి వచ్చిన ఎవరో రాసుకుపోతారు. మీ అవ్వను అడిగి ఉండరు.

ఏది రాయాలో, ఏది గుట్టుగా ఉంచాలో గ్రామసభే తేల్చాలి. వచ్చే సభకు మీ అవ్వను వెంటబెట్టుకుని వెళ్లండి. ఆ రిజిస్టర్ తెచ్చి చదవమనండి. మొక్క పేరు పక్కన చెప్పినామె పేరు ఉందో లేదో చూడండి.