కష్టం ఒకరిది, ఖాతా మరొకరిది

పెందుర్తి రైతుబజారు బయట రోడ్డు పక్కన గోనెపట్టా పరిచి ఆకుకూరలు అమ్మే ఆడవాళ్ల ముందు కూడా ఇప్పుడు స్కానర్ ఉంటోంది. పది రూపాయల తోటకూర కట్టకూ ఫోన్ తీసేవాళ్లే ఎక్కువ. చిల్లర తగువు తీరింది. చిల్లరకు బదులు చాక్లెట్ చేతిలో పెట్టడమూ తగ్గింది. చదువు రాని అమ్మకందారుకు ఎంత పడిందో పక్కనున్న పెట్టె తెలుగులోనే చెబుతోంది. ఈ సుఖాన్ని ఎవరూ కాదనలేరు.

నోటు లేని చెల్లింపుతో తెలుగువాళ్లది పాత చుట్టరికమే. 1923లో బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. ఆ కార్డు మాత్రం ఉద్యోగస్తుల జేబు దాటి సంతకు రాలేదు. 2016 ఏప్రిల్‌లో భారత జాతీయ చెల్లింపుల సంస్థ యూపీఐని ఆరంభించింది. ఆ నవంబరులో వచ్చిన పెద్దనోట్ల రద్దు జనాన్ని అటు తోసింది. 2020 జనవరి నుంచి యూపీఐపై వ్యాపారి రుసుము ఎత్తేయడంతో తోటకూర కట్టకూ అది గిట్టుబాటైంది. 2025 ఆగస్టులో దేశమంతటా ఒక్క నెలలోనే రెండు వేల కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి.

అంతా బాగానే ఉంది. కానీ డబ్బులు పడ్డాయా అని అడిగితే, ‘‘మావోడి ఫోన్లో పడ్డాయి బాబూ’’ అనే జవాబు తరచూ వినిపిస్తుంది. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఎవరి దగ్గరుంటే వాళ్ల ఖాతాకే స్కానర్ కలుస్తోంది. తెల్లారకముందే సరుకు తెచ్చి, ఎండలో కూర్చుని అమ్మేది తల్లి. సొమ్ము చేరేది కొడుకుకో, అల్లుడికో. మర్నాటి సరుకుకు ఆమె అడిగి తీసుకోవాలి. కొడుకు మంచివాడే కావచ్చు, అడిగిన వెంటనే ఇవ్వనూవచ్చు. అయినా నోట్లు కొంగుముడిలో ఉన్నన్నాళ్లూ ఆమెకు అడిగే అవసరమే రాలేదు. మందుబిళ్లలకూ, చీటీ వాయిదాకూ, మనవరాలి రిబ్బనుకూ ఆ ముడి విప్పితే సరిపోయేది.

నష్టం అక్కడితో ఆగదు. 2020లో మొదలైన పీఎం స్వనిధి పథకం వీధి వ్యాపారులకు పూచీకత్తు లేని రుణమిస్తోంది, డిజిటల్ చెల్లింపులకు క్యాష్‌బ్యాక్ కూడా ఇస్తోంది. అమ్మకమంతా కొడుకు ఖాతాలో నమోదైతే బ్యాంకు కంటికి వ్యాపారి అతనే అవుతాడు, ఆమె కాదు.

ఆమెకు ఖాతా లేకనా ఇదంతా? డ్వాక్రా పొదుపు ద్వారానో, 2014 నాటి జన్‌ధన్ ద్వారానో చాలామందికి సొంత పాసుపుస్తకం ఎప్పుడో వచ్చింది. బటన్ల ఫోన్‌తో యూపీఐ వాడే ఏర్పాటు 2022 మార్చిలోనే మొదలైంది. కొరవడింది శ్రద్ధ ఒక్కటే.

స్కానర్లు ఇచ్చే బ్యాంకులు, కంపెనీలు సరుకు ముందు కూర్చున్నది ఎవరో చూసి వాళ్ల ఖాతానే కలపాలి. పట్టణ పేదల కోసం పనిచేసే మెప్మా సిబ్బంది పొదుపు సంఘాల సమావేశాల్లో ఒక పూట దీనికి కేటాయించాలి. పిన్ను ఎవరికీ చెప్పకుండా తానే నొక్కడం అమ్మకు నేర్పే పని ఇంట్లో పిల్లలది. ఆ రోజు వచ్చేదాకా, నోటే ఇవ్వమని ఆమె అడిగితే విసుక్కోకుండా ఇవ్వడం కొనేవాళ్ల ధర్మం.