ఎర్ర క్యాలిపర్ల షౌక్

మన మొహల్లాల్లో ఈ మధ్య కార్ల చక్రాల వెనక ఎర్ర క్యాలిపర్లు తళతళలాడుతున్నాయి. కొన్ని నిజంగానే పెద్ద డిస్కులతో సహా బిగించినవి. మరికొన్ని ఆన్‌లైన్‌లో తెప్పించుకుని అంటించిన ప్లాస్టిక్ తొడుగులు. దిఖావా కోసం వేసుకుంటే పోనీలే అందామంటే, వేడి బయటికి పోవాల్సిన చోటునే అవి కప్పేస్తున్నాయి.

కార్ల షౌక్ మీద నాకు ఎత్‌రాజ్ లేదు. 2023 ఫిబ్రవరిలో హుసేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరిగెత్తితే మన నౌజవాన్లకు మోజు పుట్టడం సహజమే. నా ఎత్‌రాజ్ అంతా ఒక్క గలత్‌ఫహమీ మీద: పెద్ద బ్రేకులు వేస్తే కారు తొందరగా ఆగుతుందని.

బ్రేకు ఆపేది చక్రాన్ని. కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు. ఇప్పుడున్న బ్రేకునే గట్టిగా తొక్కినప్పుడు పెడల్ కింద ఏబీఎస్ టకటకా కొట్టుకుంటోందంటే టైరు తాఖత్ అక్కడికి ఖతం. ఆ తర్వాత ఎంత పెద్ద క్యాలిపర్ పెట్టినా ఆ ఒక్క తొక్కుడులో ఫాయిదా ఉండదు. పైగా ముందు చక్రాలకు మాత్రమే కిట్ బిగిస్తే ముందూ వెనకల తవాజున్ తప్పి, కారు ఇంకాస్త దూరం పోయి ఆగినా ఆగొచ్చు.

మరి పెద్ద డిస్కు ఎందుకు? వేడి కోసం. 1100 కిలోల కారు 120 వేగంలో ఉండగా పూర్తిగా ఆపితే పుట్టే వేడితో రెండు లీటర్లకు కాస్త తక్కువ నీళ్లు తెర్లించొచ్చు. ఇంటికొచ్చిన మెహమాన్లందరికీ చాయ్ అయిపోతుంది! అదే 60లో ఆపితే అందులో నాలుగో వంతే. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు. మన ఔటర్ రింగ్ రోడ్డు మీద అలాంటి తొక్కుడు ఏ గంటకో ఒకసారి పడుతుంది, డిస్కు చల్లారడానికి బోలెడు వఖ్త్ ఉంటుంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ సంగతి వేరు. 3.7 కిలోమీటర్ల చుట్టు, 12 మలుపులు. వేగం అందుకోవడం, తొక్కడం, చల్లారేలోపే మళ్లీ తొక్కడం. నాలుగైదు చుట్లకే ప్యాడ్ల పట్టు జారిపోవచ్చు. అంతకన్నా ఖతర్నాక్ సంగతి బ్రేక్ ఆయిల్ మరగడం. ఆయిల్లో బుడగలు పుడితే పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది, కారు మాత్రం పోతూనే ఉంటుంది.

ఈ బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను తాగే చీజ్. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. అంటే లక్ష రూపాయల కిట్ బిగించి ఆయిల్ పాతదే ఉంచితే చేసిందంతా ఫిజూల్. (అంకె పెద్దదని డాట్ 5 పోయించకండి. అది సిలికాన్, ఏబీఎస్ కార్లకు పనికిరాదు. డాట్ 5.1 వేరు.)

ప్యాడ్ల దగ్గర ఇంకో మసలా ఉంది. మా ఆపా కొడుకు మొన్న ఖుషీగా ఫోన్ చేశాడు: "మామూ, ట్రాక్ ప్యాడ్లు వేసేశా. ఇక రోడ్డు మీద ఫికర్ లేదు." నేనన్నాను: "బేటా, అవి వేడెక్కితేనే పట్టే ప్యాడ్లు. ఫజర్ తర్వాత మీ అబ్బాను డయాలసిస్‌కు తీసుకెళ్లేది ఈ కారులోనే గదా. చల్లటి పొద్దున మొదటి సిగ్నల్ దగ్గర అవి పట్టవు." కాసేపు ఖామోష్. తర్వాత, "మరి ట్రాక్ ఎలా మామూ?" అన్నాడు.

సవాల్ వాజిబే. నా జవాబు: రెండు జతలు పెట్టుకో. ట్రాక్ రోజున అక్కడే మార్చు, తిరిగొచ్చేముందు మళ్లీ మార్చు. గంట పని. అంత తీరిక లేకపోతే రోడ్డు మీదా కాస్త ట్రాక్ మీదా పనిచేసే మధ్యరకం ప్యాడ్లు దొరుకుతాయి, చుట్లు తగ్గించుకుని వాటితో సరిపెట్టుకో. డబ్బులుంటే ముందు మంచి టైర్లు, తర్వాత తాజా ఆయిల్, తర్వాత ప్యాడ్లు. ఇవన్నీ అయ్యాక కూడా ట్రాక్ మీద బ్రేకులు అలిసిపోతుంటే అప్పుడు పెద్ద డిస్కు మాట. అదీ నాలుగు చక్రాల లెక్క తెలిసిన ఉస్తాద్ చేతుల్లోనే.

తల్లిదండ్రులతో ఒక మాట. గల్ఫ్ కమాయీలోంచి కొడుకు కిట్‌కు పైసలిచ్చి, ట్రాక్ ఫీజు అడిగితే మాత్రం "అదేం పిచ్చి" అని కసురుకునే అబ్బాజాన్లను చూశాను. నాకు ఈ హిసాబ్ ఉల్టాగా కనిపిస్తుంది. ట్రాక్ మీద హెల్మెట్ ఉంటుంది, మార్షల్ ఉంటాడు, ఎదురొచ్చే లారీ ఉండదు. తరావీ అయ్యాక ఫ్లైఓవర్ మీద బ్రేకులు పరీక్షించుకునే పిల్లాడికి ఇవేవీ ఉండవు. ఒంటెను కట్టేశాకే తవక్కుల్ అని మన ఇళ్లల్లో పసివాడికి కూడా నేర్పుతాం. కట్టే తాడు మెరిసేదా గట్టిదా అన్నది కూడా చూడాలి గదా.

ట్రాక్ మాటే లేని ఇళ్లకు కూడా ఇందులో సగం వర్తిస్తుంది. మనలో చాలామందివి సెకండ్ హ్యాండ్ కార్లు. పాత మాలిక్ ఆయిల్ ఎప్పుడు మార్చాడో దేవుడెరుగు. రెండేళ్లకోసారి మార్పించాలి, ఖర్చు మామూలు సర్వీసులో ఒక ముక్కే. ఈసారి బండి ఇచ్చేటప్పుడు పాత ఆయిల్ తీసి చూపించమని అడగండి. నల్లబడి ఉంటే ప్యాడ్లూ టైర్లూ కూడా అక్కడే నిలబడి చూసుకోండి.