అమ్మ గోలీల డబ్బా

పోయిన పండక్కి తిరుమలగిరి వెళ్లినప్పుడు వంటింట్లో ఓ స్టీలు డబ్బా మూత తీశాను. నిండా తలనొప్పి గోలీల ఖాళీ స్ట్రిప్పులే. “ఏందమ్మా ఇన్ని?” అంటే, “తలకాయ ఒకదిక్కు పగుల్తది బిడ్డా. గోలి ఏసుకుంటే పని సాగుతది” అంది. లెక్కేస్తే నెలకు 20 రోజులు తేలింది. ఇన్నేళ్లూ ఇంట్లో అందరం ‘ఎండకు’, ‘ఊకె ఆలోచిస్తది’ అని కొట్టిపారేశాం. నేనూ అన్నాను.

డాక్టర్ చెప్పిన పేరు క్రానిక్ మైగ్రేన్. నెలకు 15 రోజులు లేదా అంతకు మించి తలనొప్పి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలు, ఇలా 3 నెలలకు పైగా ఉంటే అదే.

ఇంతకీ లోపల ఏం జరుగుతుంది? ముఖం, తల నుంచి నొప్పి కబురు మోసేది ట్రైజెమినల్ నాడి. మైగ్రేన్ వచ్చినప్పుడు దాని కొసల నుంచి సీజీఆర్‌పీ అనే చిన్న ప్రొటీన్ ముక్క బయటికొస్తుంది. అది కణం మీదున్న రిసెప్టర్‌కు అతుక్కోగానే లోపల అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైమ్ పని మొదలుపెట్టి, సైక్లిక్ ఏఎంపీని తయారు చేస్తుంది. అది ప్రొటీన్ కైనేజ్-ఏ అనే ఇంకో ఎంజైమ్‌ను లేపుతుంది. ఈ కైనేజ్ పని ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించడం. నాడీకణం పొరలో అయాన్లు వెళ్లే దారులకు అలా ఫాస్ఫేట్ తగిలితే, కణం చిన్నదానికే స్పందించడం మొదలుపెడుతుంది.

మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, అలర్ట్ లిమిట్‌ను ఎవరో 90 నుంచి 20కి దించేశారు. సర్వర్ బాగానే ఉన్నా రాత్రంతా ఫోన్ మోగుతూనే ఉంటుంది. తల దువ్వుకున్నా అమ్మకు నొప్పి ఎందుకో అప్పుడర్థమైంది.

ఇది ఊహ కాదు. సైక్లిక్ ఏఎంపీని విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఆపే మందు సిలోస్టజోల్. డెన్మార్క్ పరిశోధకులు దాన్ని మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఇస్తే, చాలామందికి అచ్చం వాళ్ల మైగ్రేన్ లాంటి నొప్పే వచ్చింది. సీజీఆర్‌పీ రిసెప్టర్‌ను అడ్డుకునే ఎరెనుమాబ్‌కు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ దారిని బయటపెట్టిన నలుగురు శాస్త్రవేత్తలకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు.

అసలు చిక్కు ఆ డబ్బాలోనే ఉంది. మామూలు నొప్పి గోలీలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు లేదా రెండు మూడు మందులు కలిసిన గోలీలు 10 రోజులు, ఇలా నెలల తరబడి వాడితే ఆ మందులే తలనొప్పిని పెంచుతాయి. అలాగని సొంతంగా మానేయొద్దు. ఎలా తగ్గించాలో, నొప్పి రాకుండా రోజూ ఏ మందు వాడాలో న్యూరాలజిస్ట్ చెప్పాలి.

ఇప్పుడు గోడ క్యాలెండర్‌లో నొప్పి వచ్చిన రోజుకు అమ్మ ఎర్ర గీత పెడుతోంది, గోలి వేసుకున్న రోజుకు నీలం గీత. ఎంజైమ్‌ల సంగతి నాకొచ్చినట్టు చెబితే అంతా విని, ఒక్క మాటే అడిగింది: “అయితే నేను నకరాలు చెయ్యలే అన్నట్టేనా?”

కాదమ్మా. నువ్వెప్పుడూ చెయ్యలే.

మీ ఇంట్లో కూడా ఓ డబ్బా ఉండొచ్చు. ఒకసారి మూత తీసి చూడండి.