దిగుమతి హెడ్‌లైట్లు: ఎదుటివారి సంగతేమిటి?



పల్లె రోడ్లు చీకటిగా ఉంటాయి, విదేశీ హెడ్‌లైట్లు బిగించుకుంటే తప్పేమిటని గత వారం ఒక పాఠకుడు రాశారు. చీకటి మాట నిజమే. మా నర్సింహులపేట నుంచి తొర్రూరు వైపు రాత్రిపూట వెళ్తే రోడ్డు మీద పోసిన వడ్ల కుప్పలు, వెనుక లైటు లేని ట్రాక్టర్లు దగ్గరికొచ్చేదాకా కనిపించవు. ఆ విదేశీ లైట్లకు ఎదురుగా బైకు మీద వచ్చే రైతుకైతే అసలే కనిపించవు.

మనం ఎడమవైపు నడుపుతాం. అందుకే మన కార్ల డిమ్ వెలుతురు ఎడమ అంచు వైపు కాస్త పైకి లేస్తుంది. కుడివైపు నడిపే అమెరికాలోనో దుబాయ్‌లోనో కారు లైటు కుడివైపు లేస్తుంది, అంటే మన రోడ్ల మీద సూటిగా ఎదుటివారి కళ్లలోకి. ఇక డిమ్ కొట్టినా ఏం లాభం? హాలోజన్ బల్బు కోసం చేసిన లైటులో ఎల్ఈడీ పెట్టినా వెలుతురు చెదిరిపోతుంది.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 106వ నిబంధన స్పష్టంగా ఉంది: 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి డిమ్ లైటు మిరుమిట్లు గొలపకూడదు.

వెలుతురు చాలకపోతే మసకబారిన లైటు అద్దం మార్చండి, లైటు ఎత్తు సరిచేయించండి. రవాణా అధికారులు ఈ దిగుమతి లైట్లను రాత్రివేళ తనిఖీ చేయాలని కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, నర్సింహులపేట, మహబూబాబాద్ జిల్లా