ఆ రాకెట్‌కు రంగు మీ పిల్లలనే వేయనివ్వండి



ఆగస్టు 23 జాతీయ అంతరిక్ష దినోత్సవం. 2023లో చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన రోజు. ఈ సందర్భంగా మోడల్ రాకెట్ ప్రాజెక్ట్ అనగానే మీలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న: "సార్, రెడీమేడ్‌గా దొరుకుతుందా?" దొరుకుతుంది. దయచేసి కొనకండి.

ఒకసారి ఒక విద్యార్థి శాటర్న్-5 మోడల్ తెచ్చాడు. తెలుపు మీద నల్ల గళ్లు, అంచులు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. పూర్తి మార్కులు వేశాను. తర్వాత "ఈ గళ్లు ఎందుకురా?" అని అడిగితే, "తెలీదు సార్, షాపులో అన్న వేశాడు" అన్నాడు. తప్పు వాడిది కాదు, నీట్‌గా ఉందని మార్కులు వేసిన నాది. రాకెట్ పైకి వెళ్తూ తన చుట్టూ తాను ఎంత తిరుగుతోందో కెమెరాల్లో తెలియడానికే ఆ గళ్లు. తన చేత్తో ఒక్క గడి వేసినా వాడికి ఆ ప్రశ్న వచ్చేది.

నిజానికి ఈ పని ఇంట్లో చేయగలిగిందే. ముందు రాకెట్ మొత్తానికి తెలుపు వేయాలి. వానాకాలం కాబట్టి ఒక రోజు ఆరనివ్వాలి. టేప్ వంకర పోకుండా, తిన్నగా కత్తిరించిన కాగితం పట్టీని గొట్టానికి చుట్టి, దాని అంచు వెంట పెన్సిల్‌తో గీయాలి. ఆ గీత వెంట మాస్కింగ్ టేప్ అంటించి, అంచును గోటితో రుద్దాలి. నలుపు తగలకూడని మిగతా భాగాన్ని పాత న్యూస్‌పేపర్‌తో కప్పాలి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. నలుపు కంటే ముందు టేప్ అంచు మీద మళ్లీ పలచగా తెలుపే కొట్టాలి. టేప్ కింద సందులుంటే ఆ తెలుపే దూరి మూసేస్తుంది. తెలుపు మీద తెలుపు కాబట్టి కనబడదు. అది ఆరాక నలుపు, రెండు మూడు పలచటి పూతలుగా. చివరి పూత పూర్తిగా గట్టిపడకముందే టేప్‌ను వెనక్కి మడిచి నెమ్మదిగా లాగాలి.

మొదటిసారి రంగు టేప్ కిందికి పాకవచ్చు. పాకనివ్వండి. సన్నని సందులోకి ద్రవం ఎందుకు పాకుతుందో మా ఫౌండేషన్ క్లాసుల్లో క్యాపిల్లరీ యాక్షన్ అని చెబుతాం, పిల్లలు అప్పజెబుతారు. పాడైన ఆ అంచు ముందు కూర్చున్నప్పుడే ఆ మాట వాళ్లకు అర్థమవుతుంది. రాత్రి పిల్లలు పడుకున్నాక మీరు దాన్ని సరిదిద్దితే, మాకు నీట్ మోడల్ అందుతుంది కానీ వాళ్లకు పాఠం అందదు.

"టైమ్ ఎక్కడుంది సార్" అంటారు. శనివారం తెలుపు, ఆదివారం నలుపు. మీరు చేయాల్సింది పక్కన ఉండడం. స్ప్రే గది లోపల కాకుండా డాబా మీదో బాల్కనీలోనో, మంటకు దూరంగా, ముక్కుకు మాస్క్‌తో కొట్టించండి. బ్లేడు పని మీరు చేయండి. మిగతాది వాళ్లకు వదిలేయండి.

మా వైపు నుంచి ఒక మాట. ఈసారి నా క్లాసుల్లో నీట్‌నెస్‌కు మార్కులు లేవు. ఎలా చేశారో, ఎక్కడ పాడైందో చెప్పినవాళ్లకే మార్కులు. గీత కాస్త చెదిరిన రాకెట్లనే పంపండి, వాటినే ముందు వరుసలో పెడతాను.

— మీ పిల్లల ఫిజిక్స్ టీచర్